డాబా మీదైతే సిగ్నలుంటాది!

శనివారం రాత్రి ఎనిమిదిన్నర. గోపాలపట్నంలో ఓ మూడంతస్తుల ఇంటి డాబా. నీళ్ల ట్యాంకు వెనక, పిట్టగోడకి ఆనుకుని ఓ అమ్మాయి కూర్చుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఒళ్లో నోట్‌బుక్కు. సింహాచలం స్టేషన్‌లో రైలు కూతేస్తే మాట ఆపేస్తుంది. కూత ఆగాక మళ్లీ మొదలు. అలా ముప్పావుగంట!

చూసినవాళ్లు ఏమనుకుంటారు? పక్కింటావిడా అదే అనుకుంది. ‘మీ గుంట ఎవరితోనో మాటాడతంది, సూసుకో వదినా’ అని తల్లి చెవిన వేసింది.

ఆ అమ్మాయి మాట్లాడుతున్నది సైకాలజిస్టుతో.

అప్పటికి ఇంజినీరింగ్ మూడో ఏడు. 2020లో పరీక్షలు రాయకుండానే పదో తరగతి గట్టెక్కిన బ్యాచ్. ఆ ఏడాది మే 7 తెల్లవారుజామున, లాక్‌డౌన్ నడుస్తుండగా, పక్కనే ఆర్ఆర్ వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. ఆ చీకట్లో ముక్కుకి చున్నీ కట్టుకుని అమ్మానాన్నలతో పరుగెత్తిన పిల్ల. దిగులుకి అదే కారణమని చెప్పలేం. తరవాత ఫోన్లో ఇంటర్ క్లాసులు, దూరమైపోయిన స్నేహితులు, బీటెక్‌లో మూడు బ్యాక్‌లాగులు... ఏది ముందో ఏది వెనకో ఆమెకే తెలీదు. తెలిసిందల్లా ఒకటే. పొద్దున్నే లేవాలనిపించదు. అన్నం సయించదు. ఇష్టంగా వేసుకునే బొమ్మల జోలికీ పోవడం లేదు.

‘ఏటే అలగున్నావు? ఫోనెక్కువైపోయి’ అని తల్లి. ‘చదువు మీద ధ్యాస పెడితే అన్నీ సర్దుకుంటాయి’ అని లోకోషెడ్ నుంచి అలసిపోయి వచ్చిన తండ్రి. డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చుగా అంటారా? వాల్తేరులో బ్రిటిష్ వాళ్ల కాలం నాటి మానసిక వైద్యశాల ఉంది. ఎంతమందికి మేలు చేసినా, జనం నోట్లో ఆ ఆస్పత్రి పేరు వెక్కిరింతే. పెళ్లి కావలసిన పిల్ల ఆ గేటు దగ్గర కనిపిస్తే ఇంకేమైనా ఉందా!

గేటు దాటక్కర్లేని దారి ఫోన్లోనే దొరికింది. 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు. పైసా ఖర్చు లేదు, ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. రెండుసార్లు డయల్ చేసి కట్ చేసింది. మూడోసారి మాట్లాడింది. వాళ్ల సలహాతోనే వారానికోసారి ఆన్‌లైన్ థెరపీ మొదలైంది.

అందులో మంత్రాలేం లేవు. ‘సప్లిమెంటరీ పోయింది’ అన్నది జరిగిన విషయం. ‘నేను దేనికీ పనికిరాను’ అన్నది దాని వెంట వచ్చిన ఆలోచన. రెండూ ఒకటి కావు కదా! ఆ రెండింటినీ నోట్‌బుక్కులో విడివిడిగా రాయాలి. ఆ ఆలోచనకి సాక్ష్యం ఏమిటో, ఎదురు సాక్ష్యం ఏమిటో వెతకాలి. మనసు బాగున్నాక పని చేద్దామని కూర్చోకుండా రోజుకో చిన్న పని... పది నిమిషాల నడకో, ఓ బొమ్మో. హోంవర్కు ఇక్కడా తప్పదన్నమాట!

ఇదే చికిత్సని న్యూజిలాండ్‌లో కంప్యూటర్ ఆటగా మార్చారు. పేరు స్పార్క్స్. 187 మంది టీనేజర్ల మీద పరీక్షిస్తే మామూలుగా అందే చికిత్సకి అది తీసిపోలేదని 2012లో తేలింది. అలాగని అన్నిటికీ యాప్‌లు చాలవు. బ్రిటన్‌లో 691 మంది పెద్దవాళ్లకి ఇలాంటి ప్రోగ్రాములిస్తే చివరిదాకా చేసినవాళ్లు కొద్దిమందే. అదనపు మేలూ కనిపించలేదని 2015లో ప్రకటించారు. ‘పోయినవారం రాసింది చూపించమ్మా’ అని అడిగే మనిషి అవతల ఉండాలి.

ఆ మనిషి ఫోన్లో ఇంటికే వస్తుంది, సరే. కూర్చోబెట్టడానికి గదేదీ? ఉన్నవి రెండు. ఒకదాన్లో తమ్ముడి చదువు, నానమ్మ మంచం. రెండోదాన్లో టీవీ. పెద్ద నగరాల్లో తలుపేసుకుని మాట్లాడే పిల్లలకి ఈ బాధ తెలీదు. అందుకే డాబా. అక్కడైనా గొంతెత్తి ఏడవడానికి లేదు.

ఇంకో చిక్కుంది. చచ్చిపోవాలనిపిస్తోందా అని మొదటిరోజే సూటిగా అడిగారు. అలాంటి ఆలోచన వచ్చినప్పుడు తెర అవతలి మనిషి చెయ్యి పట్టుకుని ఆపలేదు. పక్కన ఒకరుండాలి, ఆస్పత్రికీ వెళ్లాలి. అందుకే ఇంట్లో ఒకరి నంబరివ్వమన్నారు. ఆమె ఫ్రెండు నంబరిచ్చింది. ఇంట్లోవాళ్లకి చెప్పడం ఎప్పటికప్పుడు వాయిదా.

ఆ వాయిదా ఓ శనివారం తీరిపోయింది. తండ్రి డాబా ఎక్కాడు. ‘ఎవడాడు?’ అంటూ ఫోన్ లాక్కుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల ఆడగొంతు. ‘నమస్కారమండీ. నేను సైకాలజిస్టుని. మీ అమ్మాయి సరేనంటేనే మీతో మాట్లాడతాను.’

ఆయన కూతురివైపు చూశాడు. ఆమె తలూపింది. ఆయన ట్యాంకు పక్కనే చతికిలబడ్డాడు. చాలాసేపు విన్నాడు. చివర్లో అడిగింది ఒక్కటే. ‘ఇప్పుడు నేనేటి సెయ్యాలండి?’

బ్యాక్‌లాగులు ఇంకా రెండున్నాయి. కొన్ని పొద్దుటలు ఇప్పటికీ బరువుగానే తెల్లవారతాయి. తరవాతి శనివారం ఎనిమిదిన్నరకి తల్లి గోరుచిక్కుళ్లు పళ్లెంలో వేసుకుని డాబా మెట్ల మీద కూర్చుంది. బట్టలు తీసుకోవాలంటూ పక్కింటావిడ వచ్చింది.

‘కాసేపాగి రా వదినా. పిల్ల మాటాడుకుంటంది. కిందైతే సిగ్నలుండదు’ అంది, ఈనెలు తీస్తూ.