ఆదివారం పోయింది, గురువారం ఉంది

1954 డిసెంబర్ 12, ఆదివారం. బ్రిటన్‌లో అప్పటికి ఉన్నది బీబీసీ ఒక్కటే. ఆ రోజుల్లో సాయంత్రం 6 నుంచి 7 దాకా తెర ఖాళీగా ఉండేది, పిల్లలు పడుకోవాలని. (నిజంగా పడుకునేవాళ్ళా ఏమిటి!) పిల్లలకి ఓ ముక్క, అతిథి చేసే పనేమిటో కనిపెట్టే ఆట, ఆదివారం రాత్రి నాటకం, అలా నడిచేవి ఆ ఆదివారాలు.

ఆ రాత్రి నాటకం ఆర్వెల్ '1984'. విన్‌స్టన్‌గా పీటర్ కుషింగ్. కొన్ని ఫిల్ము ముక్కలు తప్పిస్తే అంతా లైవే. జనం హడలిపోయారు, పార్లమెంటు దాకా వెళ్ళింది గొడవ. అయినా గురువారం నటులందరూ వచ్చి నాటకం మొత్తం మళ్ళీ ఆడారు. రిపీట్ అంటే అప్పట్లో అదీ!

మొన్న లాప్‌టాప్‌లో చూశాను. చూశాకే తెలిసింది, మిగిలింది గురువారంది. ఆదివారంది ఇక లేదు.

అమ్మమ్మ గుర్తొచ్చింది. కరెంటు పోయిన ఒక రాత్రి, తన చదువు ఎలా మాన్పించారో చెప్పింది. మధ్యలో ఏడ్చింది కూడా. మర్నాడు ఫోన్ పట్టుకుని "మళ్ళీ చెప్పవా అమ్మమ్మా" అన్నాను. కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని చెప్పింది. ఈసారి ఏడవలేదు. వాళ్ళ నాన్న అన్న మాట కూడా వదిలేసింది.

ఆవిడ పోయాక నా దగ్గరున్నది ఆ పదకొండు నిమిషాలే. చెల్లి పంపమంటోంది. "ఇది రెండోసారి చెప్పింది" అని కింద రాయాలా వద్దా అని ఆగి ఉన్నాను.