చెమట ఆరని వూరు

మా బావమరిదిది అనంతపురం. పరుగంటే వాడికి ప్రాణం. ఆమధ్య మే నెలలో గోపాలపట్నంలోని మా యింటికి వచ్చాడు. వచ్చీ రాగానే, "మా వూళ్లో యెండ 40 డిగ్రీలు దాటుతుందక్కా! మీకిక్కడ 33. యిదీ ఒక యెండేనా?" అన్నాడు.

నేను వూరుకోవచ్చునా! ఆషాఢ పౌర్ణమికి సింహాద్రి అప్పన్న గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచినవాణ్ణి గదా! "అంత మొనగాడివైతే కొండ దిగువ తొలిపావంచా దాకా ఆగకుండా పరుగెత్తి రా, చూద్దాం" అన్నాను.

మర్నాడు యేడింటికి బయలుదేరినవాడు తొమ్మిదింటికి తిరిగొచ్చాడు. బనీను పిండితే చెంబెడు నీళ్లు. "భేష్! చెమట బాగా పట్టింది, యిక వొళ్లు చల్లబడుతుంది" అన్నాను. వాడు నన్ను "మాష్టారూ" అని పిలిచాడు. వాళ్లక్కను చూసి "మీరెవరు?" అన్నాడు.

మా ఆవిడ నాలాగ గుడ్లప్పగించి నిలబడలేదు. వాణ్ణి వసారా నీడలో పడుకోబెట్టి, బక్కెట్లకొద్దీ నీళ్లు గుమ్మరించి, ఫాను తిప్పింది. "అలా చూస్తారేమండీ! 108కి ఫోను చెయ్యండి" అంది. నేను మంచినీళ్లు పట్టబోతే, "స్పృహ సరిగ్గా లేనివాడి గొంతులో పోస్తే పొలమారదూ?" అని గ్లాసు లాక్కుంది.

ఆసుపత్రిలో డాక్టరుగారు అన్నారు: "చెమట పట్టినందువల్ల వొళ్లు చల్లబడదండీ; అది ఆరితేనే చల్లబడుతుంది. అనంతపురం గాలి పొడిగాలి, చెమట యిట్టే ఆరుతుంది. యిక్కడి సముద్రపు గాలిలో అప్పటికే తేమ నిండి వుంటుంది. చెమట కారుతుందేగాని ఆరదు; వేడి లోపలే వుండిపోతుంది. వొంటివేడి 40 డిగ్రీలు దాటి, మాట తడబడిందంటే ప్రాణం మీదికొచ్చినట్టే. ముందు చల్లబరచి తర్వాత తీసుకొచ్చారు కనుక బతికాడు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పందెం కాసింది నేను గదా!

మరుసటేడు డాక్టరుగారు సరేనన్నాకనే వాడు మళ్లీ పరుగు మొదలెట్టాడు. మా వూరొస్తే తొలి రెండు వారాలూ కొద్దికొద్దిగా పెంచుకుంటాడు. పొద్దు పొడవక ముందే బయలుదేరి, పక్కవాడితో మాట్లాడగలిగినంత నిదానంగా పరుగెత్తుతాడు. తల తిరిగినా, వొంటికి చలి వేసినా అక్కడే ఆగి నీడ చూసుకుంటాడు.

నేను పందేలు మానేశాను. ఉప్పేసిన మజ్జిగ చెంబుతో గుమ్మంలో నిలబడతాను. వాడు రాగానే వాళ్లక్క, "నేనెవర్రా?" అని అడుగుతుంది.

"అక్కవి" అంటాడు నవ్వుతూ. అప్పుడుగాని నేను చెంబు అందించను.