కోత పడిన దారి: రెడ్ లైన్ మీదుగా బాల్టిమోర్ దాకా

వాషింగ్టన్ మెట్రోలో రెడ్ లైన్ గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది. మేరీలాండ్‌లోని షేడీ గ్రోవ్‌లో బయల్దేరి, కిందికి దిగి రాజధాని నడిబొడ్డును చుట్టి, మళ్లీ పైకెక్కి మేరీలాండ్‌లోనే గ్లెన్‌మాంట్ దగ్గర ఆగుతుంది. అమెరికా ఫెడరల్ ఉద్యోగులు రోజూ ఆఫీసుకు వెళ్లే ముఖ్యమైన దారుల్లో ఇదొకటి. 2025 జనవరి 20న ట్రంప్ రెండోసారి అధ్యక్షుడయ్యాక మొదలైన ఉద్యోగాల కోత, నిధుల కోత ఊళ్ల మీద ఎలా పడ్డాయో చూడాలనుకునేవారికి ఇంతకన్నా తగిన దారి లేదు. 2025 డిసెంబరు నడిమిలో నేను ఈ రైలెక్కేసరికి 43 రోజుల ప్రభుత్వ షట్‌డౌన్ ముగిసి నెలయింది. కార్మిక శాఖ లెక్క కూడా అప్పుడే బయటికొచ్చింది. జనవరి నుంచి ఫెడరల్ ఉద్యోగాలు 2,71,000 తగ్గాయి. అందులో 1,62,000 ఒక్క అక్టోబరులోనే తగ్గాయి.

అక్టోబరుకు అంత వాటా రావడానికి కారణం జనవరి 28న ఉద్యోగులందరికీ వెళ్లిన ఒక ఈమెయిల్. రాజీనామాకు ఒప్పుకుంటే సెప్టెంబరు 30 దాకా ఇంట్లో కూర్చోబెట్టి జీతమిస్తామని అందులో ఉంది. ఆ తర్వాత విడతలు కూడా కలుపుకుంటే దాదాపు 1,54,000 మంది ఒప్పుకున్నారు. వాళ్లంతా వేసవి పొడుగునా కాగితం మీద ఉద్యోగులే. ఇంటి వాయిదాలు, పిల్లల డేకేర్ ఫీజులు ఆగలేదు కాబట్టి ఊళ్లోనూ పెద్ద తేడా తెలియలేదు. దెబ్బ అక్టోబరు 1న తగిలింది. షట్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. నెలల తరబడి పని చేయించుకోకుండా జీతమివ్వడాన్ని పొదుపు పద్దులో ఎలా రాసుకున్నారన్నది వేరే సంగతి.

కోతను చూద్దామని వెళ్లినవాడికి మొదట కనబడేది కిక్కిరిసిన రైలు. ఇంటి నుంచి పనిచేసే వెసులుబాటు తీసేసి, వారమంతా ఆఫీసుకు రావాలని కొత్త ప్రభుత్వం తొలిరోజే ఆదేశించింది. ఉద్యోగాలు పోతున్న ఏడాదే మెట్రోకు ప్రయాణికులు పెరిగారు. ఈ ఊరి కష్టాన్ని జనసమ్మర్దాన్ని బట్టి అంచనా కట్టకూడదు.

ట్విన్‌బ్రూక్ స్టేషన్‌కు నడక దూరంలో ఫిషర్స్ లేన్‌లో పెద్ద ఫెడరల్ భవనం ఉంది. గ్రామీణ వైద్యానికి డబ్బిచ్చే సంస్థ, మానసిక ఆరోగ్యం, వ్యసనాల చికిత్స చూసే సంస్థ అందులోనే ఉంటాయి. రెండూ ఆరోగ్య శాఖ కిందివే. 2025 ఏప్రిల్ 1న ఆ శాఖ దాదాపు 10,000 మందిని తీసేసింది. అంతకుముందే వెళ్లిపోయినవారిని కలుపుకుని సిబ్బందిని 82,000 నుంచి 62,000కు దించాలన్నది లెక్క. తెల్లవారుజామున మెయిళ్లు వెళ్లాయి. చూసుకోనివాళ్లు మామూలుగానే ఆఫీసులకు వచ్చి తలుపుల దగ్గర బారులు తీరారు. బ్యాడ్జీ పెడితే గేటు తెరుచుకున్నవాడికి ఉద్యోగం ఉన్నట్టు, తెరుచుకోనివాడికి పోయినట్టు. ఇరవయ్యేళ్ల సర్వీసున్నవాళ్లు కూడా ఆ గేటు చెబితేనే తెలుసుకున్నారు.

మరికొన్ని స్టేషన్లు దాటితే మెడికల్ సెంటర్. చాలా లోతైన స్టేషన్. ఎస్కలేటర్ ఎక్కి పైకొస్తే ఎదురుగా బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థ, అంటే ఎన్‌ఐహెచ్. 27 ఇన్‌స్టిట్యూట్లు, సెంటర్లు, సొంత పరిశోధక ఆసుపత్రి ఉన్న ఊరి లాంటి ఆవరణ అది. ఏప్రిల్ 1 కోతలో ఇక్కడ దాదాపు 1,200 ఉద్యోగాలు పోయాయి. తీసేసింది శాస్త్రవేత్తల్ని కాదని అధికారులు సర్దిచెప్పారు గానీ, పోయినవారిలో సామాన్లు కొనిపెట్టే సిబ్బంది ఉన్నారు. ఫిబ్రవరి చివర్లో ప్రభుత్వ క్రెడిట్ కార్డుల మీద ఖర్చు పరిమితిని ఒక్క డాలరుకు కుదించారు. అప్పట్లో ప్రయోగశాలలో రసాయనం అయిపోతే కార్డు పనికిరాలేదు, కార్డు పనిచేసిన చోట ఆర్డరు పెట్టే మనిషి లేడు. పరిశోధన ఆగిపోవడానికి పరిశోధకుణ్ణి తీసేయనక్కర్లేదని ఇక్కడ తేలిపోయింది.

ఎన్‌ఐహెచ్ ఏటా ఖర్చుపెట్టే దాదాపు 4,800 కోట్ల డాలర్లలో ఎనభై శాతానికి పైగా దేశంలోని విశ్వవిద్యాలయాలకూ ఆసుపత్రులకూ పోతుంది. గ్రాంటుతోపాటు భవనాలు, కరెంటు, లెక్కల సిబ్బంది కోసం ఇచ్చే పరోక్ష ఖర్చులను 15 శాతానికి మించనివ్వబోమని 2025 ఫిబ్రవరి 7న ప్రకటించారు. కోర్టు అడ్డుకుంది. అయినా చాలా విశ్వవిద్యాలయాలు తీర్పుల కోసం కాచుకోలేదు, కొత్త నియామకాలు ఆపేశాయి. పీహెచ్‌డీ సీట్లు తగ్గించినవీ ఉన్నాయి. మన పిల్లలు దరఖాస్తు పెట్టేది ఆ సీట్లకే.

మెట్రో సెంటర్‌లో దిగి పెన్సిల్వేనియా అవెన్యూ వైపు నడిస్తే రొనాల్డ్ రీగన్ భవనం వస్తుంది. 1961లో కెనెడీ పెట్టిన విదేశీ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉండేది. ఫిబ్రవరిలోనే పేరు తీసేశారు. ఆ నెలాఖరులో ఉద్యోగులు తమ బల్లలు ఖాళీ చేసుకోవడానికి తలా పదిహేను నిమిషాలిచ్చారు. జూలై 1న సంస్థలో మిగిలినదాన్ని విదేశాంగ శాఖలో కలిపేశారు. ఆ గదులిప్పుడు సరిహద్దు భద్రత శాఖ పాలయ్యాయి. నగరంలో 40,000 ఫెడరల్ ఉద్యోగాలు పోతాయని, మూడేళ్లలో 100 కోట్ల డాలర్ల ఆదాయం తగ్గుతుందని నగర ఆర్థికాధికారి ఫిబ్రవరిలోనే లెక్కగట్టారు. ఆగస్టుకు వాషింగ్టన్‌లో నిరుద్యోగం 6 శాతానికి చేరింది. దేశంలో అదే ఎక్కువ.

సిల్వర్ స్ప్రింగ్‌లో రైలు దిగి బస్సెక్కితే వైట్ ఓక్. అక్కడుంది ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ, ఎఫ్‌డీఏ. జీడిమెట్ల, పాశమైలారం మందుల ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్లకు ఈ ఊరి పేరు తెలియకపోవచ్చు గానీ ఇక్కడినుంచి వచ్చే ఇన్‌స్పెక్టరు తెలుసు, ఆయన లోపాలు రాసిచ్చే ఫారం 483 తెలుసు. 2025 వసంతంలో ఈ సంస్థలో 3,500 ఉద్యోగాలు కోశారు. ఇన్‌స్పెక్టర్లను ముట్టుకోలేదన్నారు. ముట్టుకోని మాట నిజమే. విదేశీ తనిఖీలకు టికెట్లు, బస ఏర్పాటు చేసే సిబ్బందిని మాత్రం తీసేశారు. తర్వాత కొందరిని వెనక్కి పిలిచారు.

అక్కణ్ణుంచి బెల్ట్‌వే మీదుగా లాన్‌హామ్ వెళ్తే శివవిష్ణు దేవాలయం. క్యాంటీన్‌లో పులిహోర తింటున్న ఒక ఖమ్మం ఆయన కథ ఈ లెక్కల్లో ఎక్కడా దొరకదు. “ఫెడరల్ వాళ్లకి కనీసం మెయిలొచ్చిందండీ. మాది కాంట్రాక్టు కింద కాంట్రాక్టు. శుక్రవారం ఫోన్ చేసి సోమవారం నుంచి లాగిన్ పనిచేయదన్నారు. మేం ఏ లెక్కలోనూ లేం” అన్నారు. నిజమే. ప్రభుత్వ ఒప్పందాల మీద బతికే కంపెనీల ఉద్యోగులు ఫెడరల్ సిబ్బంది సంఖ్యలోకి రారు. హెచ్‌1బి వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే దొరికే గడువు మహా అయితే 60 రోజులు. షట్‌డౌన్ ముగిశాక ఫెడరల్ ఉద్యోగులకు ఆగిన జీతం అందింది. కాంట్రాక్టు వాళ్లకు అలాంటి హామీ ఏ చట్టంలోనూ లేదు.

పార్క్‌వే మీద ఉత్తరానికి వెళ్తే బాల్టిమోర్. ఈ రాష్ట్రం ఫెడరల్ జీతాల మీద ఎంతగా ఆధారపడిందో చూసిన మూడీస్ సంస్థ 2025 మే నెలలో మేరీలాండ్ రుణ రేటింగును అత్యున్నత స్థాయి నుంచి ఒక మెట్టు దించింది. యాభయ్యేళ్లుగా చెక్కుచెదరని రేటింగు అది. నగరంలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం 80 కోట్ల డాలర్లకు పైగా యూఎస్‌ఎయిడ్ నిధులు పోయాక, మార్చిలో రెండు వేలకు పైగా ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది. వాటిలో అమెరికాలో ఉన్నవి 247 మాత్రమే. మిగిలిన 1,975 వేరే 44 దేశాలవి. ‘స్థానిక ప్రభావం’ అనే మాటకు హద్దు గీయడం ఈ రెండు అంకెల దగ్గరే కష్టమవుతుంది.

హైదరాబాద్ నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో తెరిచిన ‘మిత్ర్’ క్లినిక్ నడిచింది ఈ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ ప్రాజెక్టు ఒకదాని కిందే, యూఎస్‌ఎయిడ్ డబ్బుతోనే. మన దేశంలో ఆ తరహా క్లినిక్ అదే మొదటిది. సాయం ఆగిన వారాల్లోనే అది మూతపడింది. పుణె, కల్యాణ్‌లలోని శాఖలూ మూతపడ్డాయి. హైదరాబాద్ క్లినిక్ కొన్ని నెలల తర్వాత టాటా ట్రస్టుల సాయంతో ‘సబ్‌రంగ్’ పేరుతో మళ్లీ తెరుచుకుంది.