ఉడ్‌వర్డ్ రోడ్డు మీద పాత బండి

డెట్రాయిట్ అనగానే మనకు కార్ల ఫ్యాక్టరీలు గుర్తుకు వస్తాయి. ఆ ఫ్యాక్టరీల కథంతా ఒకే దారిలో చూడాలనుకునే వారు ఉడ్‌వర్డ్ ఎవెన్యూ మీద ప్రయాణం చెయ్యాలి. నది ఒడ్డున నగరం నడిబొడ్డులో మొదలై వాయవ్యంగా పాంటియాక్ ఊరి దాకా ఇరవై మైళ్ళకు పైగా సాగే రహదారి ఇది. 1909లో ఈ రోడ్డులో ఒక మైలు మేర కాంక్రీటు పోశారు. ఆ రోజుల్లో అది పెద్ద వింత. ఈ దారిలోనే హైలాండ్ పార్క్ వద్ద ఫోర్డు ఫ్యాక్టరీ ఉంది. కదిలే పట్టా మీద కారును బిగించే పద్ధతి 1913లో అక్కడ మొదలైంది. మరుసటి ఏడాదే రోజుకు ఐదు డాలర్ల కూలి ప్రకటిస్తే, పనికోసం జనం విరగబడ్డారట.

దారి ఆ చివరన ఉన్న పాంటియాక్ ఊరి పేరుతోనే ఒక కారు ఉండేది. జనరల్ మోటార్స్ వారిలో ఒక నియమం ఉండేది. మధ్యరకం కార్లలో పెద్ద ఇంజను పెట్టకూడదు. పాంటియాక్ విభాగంలోని జాన్ డెలోరియన్ బృందం 1964 మోడలుకు ఒక ఉపాయం పన్నింది. పెద్ద ఇంజనును కొత్త కారుగా కాక, ఉన్న కారుకు అదనపు హంగుగా అమ్మకానికి పెట్టింది. దాని పేరే జి.టి.ఓ. మన అంబాసిడర్ ఇంజను మొదట్లో లీటరున్నర. దీనిది సుమారు 6.4 లీటర్లు. తొలి ఏడాదే 32,450 కార్లు అమ్ముడుపోయాయి. కండలు తిరిగిన ఇలాంటి బండ్లనే తరువాత ‘మజిల్ కార్లు’ అన్నారు. సాయంత్రం కాగానే కుర్రకారు వీటిని ఉడ్‌వర్డ్ మీదకు తెచ్చి, ఒక సిగ్నలు నుంచి మరో సిగ్నలు దాకా పందేలు వేసుకునేవారు. పాంటియాక్ పేరుతో కార్ల తయారీ 2010లో ఆగిపోయింది.

మేము దిగిన మేనల్లుడి ఇల్లు రాయల్ ఓక్‌లో, ఈ రోడ్డుకు నాలుగు వీధుల అవతల. పక్కింట్లో డెబ్బై దాటిన పెద్దాయన ఉన్నాడు. ఆయన షెడ్డులో 1966 నాటి జి.టి.ఓ. ఒకటి ఉంది. పాంటియాక్ ఫ్యాక్టరీలో పనిచేసిన తండ్రి కొన్న బండి అది. మనవరాలికి కొత్తగా లైసెన్సు వచ్చింది. ఆగస్టులో ఉడ్‌వర్డ్ మీద జరిగే పాత కార్ల ఊరేగింపులో ఆ బండి తానే నడుపుతానని ఆ పిల్ల పట్టు. ముందు చక్రాల కీళ్ళన్నీ కొత్తవి వేసేదాకా తాళం ఇవ్వనని తాతగారి పట్టు. హోసూరులో లారీల రిపేర్లు చూస్తూ పెరిగిన నాకు అంతకంటే మంచి కాలక్షేపం ఏముంటుంది! రెండు వారాంతాలు టార్చిలైటు పట్టుకుని వాళ్ళ పక్కనే నిలబడ్డాను.

మన లారీలకు ముందు ఇనుప పట్టీల స్ప్రింగులు, వాటి కింద అడ్డంగా ఇరుసు. ఈ కారుకు ముందు అడ్డ ఇరుసు లేదు. ఒక్కో చక్రానికి పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి. కింది చేతికీ ఛాసిస్‌కూ మధ్య చుట్ట స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. చేతుల కొసల్లో బాల్ జాయింట్లు. అవి మన తుంటి కీలు వంటివి, గిన్నెలో గుండు. చేతుల మొదట్లో రబ్బరు బుష్‌లు. బుష్ అరిగితే కారు కల్లు తాగినవాడిలా పక్కలకు పోతుంది. బాల్ జాయింటు ఊడిందా, చక్రం పక్కకు మడుచుకుపోతుంది. పిల్లకు తాళం ఇవ్వకపోవడంలో తాతగారి భయం అదే.

అక్కడి ఇనుముకు మరో శత్రువు ఉప్పు. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. విశేషమేమంటే, డెట్రాయిట్ నగరం కిందే, సుమారు 1,100 అడుగుల లోతున, ఉప్పు గని ఉంది. ఎప్పటిదో సముద్రం ఎండి మిగిల్చిన ఉప్పు! కార్లు చేసిన ఊరి కిందే కార్లను తినేసేదీ ఉందన్నమాట. ఈ బండి బోల్టులు కూడా తుప్పుతో బిగుసుకుపోయి, నూనె పోసి రాత్రంతా నానబెడితే గాని కదల్లేదు.

అన్నిటికంటే ప్రమాదం స్ప్రింగు తీయడంలో ఉంది. అందులో వందల కిలోల బలం అణగి ఉంటుంది. జారితే మనిషిని చంపగలదు. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టారు. చక్రం, షాకబ్జార్బరు తీశారు. కింది చేతికి జాకీ ఆనించి, స్ప్రింగుకూ ఛాసిస్‌కూ గొలుసు చుట్టారు. బాల్ జాయింటు నట్టు వదులు చేశారు కాని, నాలుగు చుట్లు ఉంచేశారు. సుత్తితో పక్కన రెండు దెబ్బలు వేస్తే జాయింటు విడివడింది. అప్పుడు నట్టు తీసి, జాకీని అంగుళం అంగుళం దించారు. అంతసేపూ తాతగారు మనవరాలిని బండికి ఎదురుగా నిలబడనివ్వలేదు. స్ప్రింగు మెత్తగా బయటికి వచ్చాక గాని ఎవరూ మాట్లాడలేదు.

పై బాల్ జాయింట్లకు ఫ్యాక్టరీ వేసిన రివెట్లను డ్రిల్లుతో తీసి, గట్టి బోల్టులు వేశారు. పై చేతుల వెనుక సర్దుబాటు రేకులు ఉంటాయి. ఎక్కడ ఎన్ని ఉన్నాయో ఆ పిల్ల చీటీలు రాసి కట్టింది.

ఇక్కడ నేను కొత్తగా నేర్చుకున్నది ఒకటి ఉంది. బుష్ బోల్టులు చక్రాలు గాలిలో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. కారు బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగి ఉండి త్వరలోనే చిరిగిపోతుంది. ఆఖరున అన్ని నట్లకూ కొత్త కాటర్ పిన్నులు, నిపుళ్ళకు గ్రీజు. వీల్ అలైన్‌మెంటు షాపులో చేయించారు. పాత పుస్తకంలోని లెక్కలు ఆనాటి టైర్లకు. ఇప్పటి రేడియల్ టైర్లకు కొలతలు కొంచెం మార్చాలట.

ఆ ఊరేగింపు 1995లో ఫెర్న్‌డేల్‌లో పిల్లల సాకర్ మైదానం కోసం చందాలు పోగుచెయ్యడానికి మొదలైంది. ఆగస్టు మూడో శనివారం జరుగుతుంది. రోడ్డు పక్కన కూర్చుని చూడటానికి టిక్కెట్టు లేదు. మడత కుర్చీ, మంచినీళ్ళు, టోపీ తీసుకువెళ్ళండి. మరో రోజు అదే రోడ్డు మీది కళా మ్యూజియంలో దియేగో రివేరా 1932–33లో వేసిన కుడ్యచిత్రాలు తప్పక చూడండి. ఫ్యాక్టరీలో చెమటోడ్చిన మనుషులే వాటిలో నాయకులు.

మేము చూసిన ఏడాది, వేల కార్ల మధ్య ఆ జి.టి.ఓ. కూడా వచ్చింది. స్టీరింగు మనవరాలి చేతిలో ఉంది. తాతగారు పక్క సీట్లో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కన్ను మాత్రం ముందు చక్రం మీదే!