ఎక్కువ కిలోమీటర్లు తిరిగిన స్పోర్ట్స్ బైకు: ఇంజిన్ అరుగుదల, సర్వీసింగ్ ఖర్చు

స్పోర్ట్స్ బైకుకు కట్టే ధర కొన్న రోజుతో తీరిపోతుంది. ఇంజిన్ అరుగుదల ఖర్చు అలా తీరదు. బండి నడిచే ప్రతి కిలోమీటరుకూ కొంత చొప్పున పోగుపడుతుంది, బిల్లు మాత్రం కొన్నేళ్ల తర్వాత ఒక్కసారిగా వస్తుంది. ఈ ఖర్చును ముందే కిలోమీటరు లెక్కకు దించుకుని నెలనెలా పక్కన పెట్టిన ఇంట్లో బైకు రిపేరు అప్పు దాకా పోదు. ఈ లెక్క వేయాలంటే ఇంజిన్‌లో ఏది ఎందుకు అరుగుతుందో తెలియాలి. తెలుగు ఊళ్లలో విరివిగా కనిపించే యమహా ఆర్15 ఇందుకు మంచి ఉదాహరణ.

ఏది ఎందుకు అరుగుతుంది

ఆర్15 భారత మార్కెట్లోకి 2008లో 149.8 సీసీ లిక్విడ్ కూల్డ్ ఇంజిన్‌తో వచ్చింది. 2018లో వచ్చిన మూడో తరంలో ఇంజిన్ 155 సీసీకి పెరిగింది. ఈ ఇంజిన్ స్ట్రోకు 58.7 మి.మీ., గరిష్ఠ పవర్ వచ్చేది 10,000 ఆర్‌పీఎం దగ్గర. ఆ వేగంలో పిస్టన్ సెకనుకు సగటున 19.6 మీటర్లు ప్రయాణిస్తుంది. హీరో స్ప్లెండర్ 97.2 సీసీ ఇంజిన్ స్ట్రోకు 49.5 మి.మీ. దాని పవర్ 8,000 ఆర్‌పీఎం దగ్గరే గరిష్ఠానికి చేరుతుంది కాబట్టి పిస్టన్ సగటు వేగం 13.2 మీటర్లకు మించదు. అదే రోడ్డు మీద, అదే దూరానికి, స్పోర్ట్స్ ఇంజిన్ రింగులు, బేరింగులు, క్యామ్ చైన్ ఎక్కువ భారం మోయడానికి ఈ తేడాయే కారణం.

గంటకు సగటున 40 కి.మీ. వేగంతో 60,000 కి.మీ. తిరిగిన బండి 1,500 గంటలు నడిచినట్టు. సగటు ఆర్‌పీఎం 5,000 అనుకుంటే క్రాంక్ 45 కోట్ల సార్లు తిరిగింది. అన్నిసార్లూ లోహాన్ని లోహానికి తగలకుండా ఆపేది పల్చటి ఆయిల్ పొర ఒక్కటే. పొద్దున్నే స్టార్ట్ చేసిన వెంటనే, ఆయిల్ పైదాకా చేరకముందే యాక్సిలరేటర్ గట్టిగా తిప్పితే ఆ పొర నిలవదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, చిరిగినా లోపలికి చేరే సన్నని దుమ్ము సిలిండర్ గోడను గీకేస్తుంది.

ఎక్కువ బైకుల్లో ఇంజిన్, గేర్‌బాక్సు, క్లచ్ మూడింటికీ ఒకే ఆయిల్. గేర్ల పళ్ల మధ్య నలిగి ఆయిల్ చిక్కదనం తగ్గుతుంది, క్లచ్ ప్లేట్ల పొడి అందులోనే కలుస్తుంది. అందుకే కారు కంటే బైకు ఆయిల్ త్వరగా పనికిరాకుండా పోతుంది. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు ఉన్న ఆయిలే పోయాలి. రాపిడి తగ్గించే రసాయనాలు కలిసిన కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది.

కూలెంటు విషయంలోనూ పొదుపు పనికిరాదు. తగ్గిన కూలెంటు బదులు బోరు నీళ్లు పోస్తే వాటిలోని ఉప్పు రేడియేటర్ సన్నని గొట్టాల్లో పేరుకుంటుంది. ఎండాకాలం ట్రాఫిక్‌లో ఇంజిన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ పోతే, ఒక డబ్బా కూలెంటు దగ్గర మిగిలింది ఏ మూలకూ సరిపోదు.

సిలిండర్ దగ్గరే పెద్ద ఖర్చు

పాత తరం బండ్లలో సిలిండర్ లోపల పోత ఇనుప లైనర్ ఉంటుంది. అది అరిగితే లేత్‌లో బోరింగ్ చేయించి, ఓవర్‌సైజ్ పిస్టన్ వేసి మళ్లీ నడిపిస్తారు. ఆర్15లో ఉన్నది యమహా డయాసిల్ సిలిండర్. దాదాపు 20 శాతం సిలికాన్ కలిసిన అల్యూమినియంతో పోసిన ఈ సిలిండర్‌లో వేరే లైనర్ ఉండదు. వేడిని త్వరగా వదిలేస్తుంది, బరువు తక్కువ, గట్టిదనం ఎక్కువ. గీతలు పడితే మాత్రం బోరింగ్‌తో బాగుపడదు, సిలిండర్, పిస్టన్, రింగులు కలిపి మార్చాల్సిందే. ఆయిల్ మార్చడంలో చేసే జాప్యం ఇలాంటి ఇంజిన్‌కు మామూలు ఇంజిన్ కంటే ఖరీదు.

లక్షణాలను బట్టి ఖర్చు

ఇంజిన్ విప్పమనే ముందు అది చెప్పే గుర్తులు చదవాలి. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తిప్పినప్పుడు మాత్రమే నీలం పొగ వస్తే వాల్వ్ సీళ్లు గట్టిపడి ఉండవచ్చు. లాగేటప్పుడు ఆగకుండా నీలం పొగ వస్తూ, ఆయిల్ మట్టం కూడా పడిపోతుంటే రింగుల మీద అనుమానపడాలి. బండి వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగక, కూలెంటు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ చూడాలి. స్టార్ట్ చేయగానే గలగల శబ్దం వస్తే క్యామ్ చైన్, దాని టెన్షనర్ చూడాలి.

అనుమానం తీర్చేది కంప్రెషన్ పరీక్ష. ప్లగ్ తీసి, ఆ రంధ్రంలో గేజి బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి ఇంజిన్‌ను స్టార్టర్‌తో తిప్పుతారు. రీడింగు తక్కువొస్తే సిలిండర్‌లో కొద్దిగా ఆయిల్ వేసి మళ్లీ చూస్తారు. ఈసారి పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే లోపం వాల్వులు లేదా గ్యాస్కెట్ వైపు ఉన్నట్టు. హైదరాబాద్‌లో రోజూ ఆఫీసుకు నడిచే ఒక మూడో తరం ఆర్15కు ఫ్లైఓవర్ దిగి మళ్లీ లాగినప్పుడల్లా నీలం పొగ వచ్చేది. సిలిండర్ కిట్టు మొత్తం మార్చాలని ఒక గ్యారేజీలో చెప్పారు. యజమాని ముందు ఈ పరీక్ష చేయించాడు. కంప్రెషన్ మాన్యువల్ చెప్పిన హద్దులోనే ఉంది. వాల్వ్ సీళ్లు మార్చడంతో పొగ ఆగింది, ఇంజిన్ కోసం దాచిన సొమ్ములో ఎక్కువ భాగం తర్వాత చైన్ సెట్‌కు, టైర్లకు మిగిలింది.

డ్రెయిన్ బోల్టు కూడా చాలా చెబుతుంది. పాత ఆయిల్ పళ్లెంలోకి దించేటప్పుడు మెకానిక్ పక్కనే నిలబడి చూడాలి. ఆయిల్ నల్లబడటం మామూలే. అందులో వేలు ముంచి వెలుతురులో చూస్తే మెరిసే లోహపు పొరలు గోటికి తగిలాయంటే బేరింగు లేదా గేరు దెబ్బతింటున్నట్టు. పాల టీ రంగులో నురగగా ఉంటే నీరు కలిసింది. ఇందుకు ఖర్చేమీ లేదు, కాసేపు నిలబడే ఓపిక చాలు.

కిలోమీటరుకు ఎంత

లెక్క తీరు చూపడానికి కొన్ని అంకెలు వేసుకుందాం. ఆయిల్, ఫిల్టరు కలిపి 900 రూపాయలు, 3,000 కి.మీ.కు ఒకసారి: కిలోమీటరుకు 30 పైసలు. చైన్ సెట్ 4,000 రూపాయలు, 20,000 కి.మీ.: 20 పైసలు. రెండు టైర్లు 9,000 రూపాయలు, 25,000 కి.మీ.: 36 పైసలు. క్లచ్ ప్లేట్లు 3,000 రూపాయలు, 30,000 కి.మీ.: 10 పైసలు. ఇంజిన్ పని 20,000 రూపాయలు, 80,000 కి.మీ.: 25 పైసలు. మొత్తం రూపాయి 21 పైసలు. లీటరు పెట్రోలు 107 రూపాయలు, మైలేజీ 43 అనుకుంటే ఇంధనానికి రెండున్నర రూపాయలు. అంటే పెట్రోలుకు పెట్టే ప్రతి రెండు రూపాయలకూ దాదాపు ఒక రూపాయి అరుగుదలకు పోతోంది. నెలకు 1,000 కి.మీ. తిరిగే బండి పేరుతో 1,210 రూపాయల రికరింగ్ డిపాజిట్ తెరిస్తే ఈ ఖర్చులన్నీ అందులోంచే తీరతాయి. ఎవరి బిల్లులు చూసుకుని వారి అంకెలు వేసుకోవాలి.

బీమా ఇక్కడ ఆదుకోదు. అరుగుదల, మెకానికల్ బ్రేక్‌డౌన్ మామూలు మోటారు పాలసీ పరిధిలోకి రావు. థర్డ్ పార్టీ ప్రీమియం మాత్రం ఇంజిన్ సైజును బట్టి మారుతుంది. 2022 జూన్ నుంచి అమలైన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ వరకు ఏడాదికి 714 రూపాయలు, 150 దాటి 350 సీసీ వరకు 1,366. 149.8 సీసీ పాత ఆర్15, 155 సీసీ కొత్తది ఇలా వేర్వేరు స్లాబుల్లో పడతాయి. విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అదే రోజు 350 సీసీ వరకు ఉన్న కొత్త బైకుల మీద కూడా పన్ను అంతే తగ్గింది కాబట్టి పాత బండి అమ్మకపు ధర కూడా కొంత దిగుతుంది.

బాగు చేయించాలా, అమ్మాలా

ఇంజిన్ పనికి 25,000 రూపాయలు అడిగారనుకుందాం. ఆ పనితో బండి మరో 40,000 కి.మీ. నడిస్తే కిలోమీటరుకు పడేది 62.5 పైసలు. కొత్త బండి సంగతి చూస్తే, బీమా సంస్థల తరుగుదల పట్టిక ప్రకారం నాలుగేళ్లు దాటిన వాహనం విలువలో సగం కోత పడుతుంది. రెండు లక్షల బండి అయిదేళ్లలో, 60,000 కి.మీ.లలో లక్ష రూపాయల విలువ పోగొట్టుకుంటే కిలోమీటరుకు రూపాయి 67 పైసలు. వాయిదాల వడ్డీ దీనికి అదనం. క్రాంక్, గేర్‌బాక్సు, ఛాసిస్ గట్టిగా ఉండి విడిభాగాలు దొరుకుతున్నంత కాలం బాగు చేయించడమే లాభం. క్రాంక్ బేరింగు, గేర్లు కూడా పోయాయని తేలితే, ప్రమాదంలో ఛాసిస్ వంగి ఉంటే, అప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మేయడం మేలు.

పాత స్పోర్ట్స్ బైకు కొనేవారికీ ఇదే కొలమానం. మీటరు రీడింగును మార్చవచ్చు, క్రమంగా దాచిన సర్వీసు బిల్లుల కట్టను అంత తేలిగ్గా మార్చలేరు. 20,000 కి.మీ. తిరిగి బిల్లులు లేని బండి కంటే, 60,000 కి.మీ. తిరిగి ప్రతి ఆయిల్ మార్పుకూ బిల్లున్న బండిని ముందు చూడండి. బేరం కుదిరాక అడ్వాన్సు ఇచ్చేలోపు మాత్రం కంప్రెషన్ పరీక్ష తప్పక చేయించండి.