మోటుపల్లి అభయ శాసనం

బాలలూ, బాపట్ల జిల్లాలో సముద్రం దాపున మోటుపల్లి అనే చిన్న ఊరున్నది. ఒకప్పుడది పెద్ద రేవు. అక్కడి వీరభద్రాలయంలో ఒక శాసనస్తంభం ఉంది. తప్పక చూడవలసినది.

పూర్వం గాలివానకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకువస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు సమస్తమూ రాజులు లాక్కునేవారు. ప్రాణాలతో బయటపడ్డ వర్తకుడికి కట్టుబట్టలే మిగిలేవి! 1244లో కాకతి గణపతిదేవుడు ఈ అన్యాయాన్ని మాన్పించాడు. నిర్ణయించిన సుంకం తప్ప తక్కినదంతా వర్తకులదేనని రాతిమీద చెక్కించి అభయమిచ్చాడు. ప్రాణంకన్న ధనమే గొప్పదని తలచి సముద్రానికి తెగించి వచ్చేవారు గదా అని జాలిపడ్డాడట. జాలితోపాటు లెక్క కూడా ఉన్నదని నాకు తోస్తుంది: భయంలేని రేవుకే ఓడలు వస్తాయి.

గంధానికింత, దంతానికింత, పట్టుకింత అని సుంకాల పట్టిక కూడా ఆ రాతిమీదే ఉంది. అందులో చీనా కర్పూరం పేరు కనిపిస్తుంది. చీనా ఎక్కడ, మోటుపల్లి ఎక్కడ!