తుని దాకా వెళ్లిన తాళంచెవి

2014 అక్టోబరు 12. ఆదివారం మధ్యాహ్నం. హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడింది. చెట్లు వేళ్లతో సహా లేచిపోతున్నాయి. కరెంటు పోయింది. సెల్‌ఫోన్లూ మూగబోయాయి. తలుపుకి అడ్డంగా బల్ల జరిపి, భార్యాపిల్లల్ని లోపలి గదిలో కూర్చోబెట్టాడాయన. అంత భయంలోనూ ఆయనకో ధైర్యం... ‘ఆఫీసుకేమైనా ఫర్వాలేదు, హైదరాబాద్‌లో అంతా భద్రంగా ఉంది’ అని!

ఆయన ఒక పొదుపు సంఘంలో కంప్యూటర్లు చూసే ఉద్యోగి. నాలుగైదు ఊళ్లలో శాఖలున్నా, చిన్న చిన్న ఖాతాదారుల లెక్కలన్నీ ఉండేది విశాఖ ఆఫీసు సర్వర్లలోనే. వాటికేమైనా అయితే? ఆ ఆలోచనతోనే అంతకు ఏడాది ముందు హైదరాబాద్‌లో ఓ గది తీసుకుని మూడు సర్వర్లు పెట్టించాడు. మూడూ కలిసి ఒక జట్టు. కంప్యూటర్ భాషలో క్లస్టర్. ఒకటి పాడైనా మిగతా రెండూ పని నడిపిస్తాయి. విశాఖలో ఎక్కిన ప్రతి లెక్కా కొద్ది నిమిషాల్లో అక్కడా ఎక్కుతుంది.

ఆ ఏర్పాటుకి ముందు సంఘం పెద్దల్ని ఆయన రెండే అడిగాడు. ‘ఎన్ని నిమిషాల లెక్కలు పోయినా సర్దుకోగలం? ఎన్ని గంటలు పని ఆగినా తట్టుకోగలం?’ పావుగంట లెక్కలు, నాలుగు గంటల పని అన్నారు వాళ్లు. ఖర్చు దాన్నిబట్టే పెట్టారు.

సోమవారం తెల్లారింది. హైదరాబాద్‌లో సర్వర్లు బాగానే ఉన్నాయి. లెక్కలూ ఉన్నాయి. కానీ ‘ఇక అసలు మీరే’ అని వాటికి ఓ మనిషి చెప్పాలి. కావాలనే అలా పెట్టారు. మధ్యలో లైను తెగినంత మాత్రాన అవే పెత్తనం తీసుకుంటే, ఇక్కడ విశాఖ సర్వర్లూ బతికే ఉంటే, ఒకే ఖాతాకి రెండు లెక్కలు మొదలవుతాయి.

ఎలా చెప్పాలో వరసగా రాసి పెట్టాడాయన. ఎక్కడ? విశాఖ సర్వర్‌లో! పాస్‌వర్డ్? ఆయన తలలో. ఆయన ఫోను? సిగ్నల్ లేదు.

అక్కడ హైదరాబాద్‌లో కుర్రాడు సర్వర్ల ముందు కూర్చుని ఫోను కొడుతూనే ఉన్నాడు. ఇక్కడ కాకినాడ శాఖలో ఖాతాదారులు నిలబడే ఉన్నారు. ఆసుపత్రి బిల్లు కట్టాల్సిన ఓ పెద్దాయన, తన డబ్బు కోసం తానే రెండు రోజులు తిరిగాడు.

మంగళవారం కూలిన చెట్లను తప్పించుకుంటూ బండి మీద బయల్దేరాడాయన. తుని చేరాక గానీ ఫోను మోగలేదు. రోడ్డు పక్కన నిలబడి, గుర్తున్నంత మేరకు ఒక్కో మెట్టూ కుర్రాడికి చెప్పాడు. నలభై నిమిషాల్లో లెక్కలు లేచి కూర్చున్నాయి. నాలుగు గంటలన్న పని రెండు రోజులైంది. ఆ పెద్దాయన సంగతి తెలిశాక ఆయనకి చాలా రోజులు అన్నం సయించలేదు.

ఇది చిన్న సంస్థలకే వచ్చే తిప్పలనుకోనక్కర్లేదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో ఓ ఇంజనీరు పొరపాటున అసలు డేటానే చెరిపేశాడు. కాపాడతాయనుకున్న ఐదు ఏర్పాట్లూ అక్కరకు రాలేదు. ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన నకలు ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. ఆ ఆరు గంటల సమాచారం మాత్రం పోయింది. ఈ సంగతి ఆ సంస్థే దాచకుండా బయటపెట్టింది. అది చదివాక ఆయనకి మరో భయం పట్టుకుంది. విశాఖలో పొరపాటున చెరిపితే, నిమిషాల్లో హైదరాబాద్‌లోనూ చెరిగిపోతుంది కదా! అందుకే ఏ రోజు నకలు ఆ రోజు విడిగా దాచడం మొదలుపెట్టాడు. నెలకోసారి ఒక నకలు తెరిచి, లెక్క సరిపోతోందో లేదో చూస్తాడు.

తుపాను తర్వాత మెట్లన్నీ కాగితం మీదికెక్కాయి. పాస్‌వర్డులు సీలు వేసిన కవర్లలో రెండు ఊళ్లకు వెళ్లాయి. ఆర్నెల్లకోసారి డ్రిల్లు. దానికో షరతు... ఆ రోజు ఆయన ఫోను ఎత్తకూడదు! మొదటి డ్రిల్లు మూడో పేజీలోనే ఆగిపోయింది. ‘మామూలు పద్ధతిలో లాగిన్ అవ్వాలి’ అని రాసి ఉందక్కడ. ఆ మామూలు పద్ధతేమిటో ఆయనకొక్కడికే తెలుసు!

ఆ సాయంత్రం ఇంట్లో ఇది చెప్పి నవ్వుతుంటే, ఆయన భార్య మాత్రం నవ్వలేదు.

‘‘ఏవండీ, మరి మనింటి సంగతేమిటి? మీ ఎల్‌ఐసీ పాలసీ ఎక్కడుందో నాకు తెలీదు. ఇంటి కాగితాల జిరాక్సులు ఎక్కడ పెట్టారు?’’

‘‘బీరువాలో.’’

‘‘అసలు కాగితాలు?’’

ఆయన మాట్లాడలేదు. అవీ ఆ బీరువాలోనే.

మర్నాడే జిరాక్సులు రాజమండ్రిలో బావమరిది ఇంటికి వెళ్లాయి. ఓ నోటుపుస్తకంలో ఏది ఎక్కడుందో రాసి ఆమె చేతికిచ్చాడు. ఆమె తీసుకుని, ముందు మూడో పేజీ తిప్పి చూసింది.